ఎనిమిదింటి చదువు

నాకు ముక్కు మీదే కోపమని మా ఆఫీసులో అందరికీ తెలుసు. ముప్పై ఏళ్లుగా ఒకే లాయరు దగ్గర స్టెనోగ్రాఫరుగా పనిచేసే మనిషికి ఆ మాత్రం కోపం లేకపోతే జూనియర్లు నెత్తినెక్కి కూర్చుంటారు. అందుకే, గాంధీనగర్‌లో ఉన్న మా ఆఫీసుకి ఒక కొత్త సాఫ్ట్‌వేర్ వస్తోందనీ, ఇకమీదట కేసు కాగితాలన్నీ అందులోనే ఉంటాయనీ, పాత తీర్పులు వెతికే పని కూడా అదే చేస్తుందనీ జూనియర్లు చెప్పినప్పుడు నా చేతిలో ఉన్న స్టాప్లర్‌ని బల్ల మీద ఠపీమని కొట్టాను. ఉద్యోగం పోతుందని భయపడుతున్నాననుకున్నారు పాపం. అనుకోనీలే అని ఊరుకున్నాను. నా భయం వేరు. అది ఏమిటో ఇద్దరికే తెలుసు. నాకూ, సార్‌కీ.

సార్‌కి అక్షరాలు కనిపించవు.

ఆ సంగతి నాకు తెలిసి అప్పటికి నాలుగేళ్లయింది. వరసగా మూడు వారాల పాటు ఆయన నా చేతికి కాగితాలిచ్చి, "కళ్లజోడు మరిచిపోయి వచ్చినాను, నువ్వే చదువమ్మా" అన్నారు. మొదటి వారం నమ్మాను. రెండో వారం పెద్దవాళ్ల మతిమరుపు అనుకున్నాను. మూడో వారం నా ఓపిక అయిపోయింది.

"సార్, కళ్లజోడు మీ ముక్కు మీదే ఉండాది," అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. తరవాత, "తలుపు వేసి వచ్చి కూర్చో," అన్నారు.

ఎదురుగా చూస్తే మధ్యలో అంతా మసక, పక్కచూపు మాత్రం బాగానే ఉంది అని చెప్పారు. మెట్లు దిగగలరు, మనిషి ఆకారం గుర్తు పట్టగలరు, కానీ ఏ అక్షరం మీద చూపు పెడితే ఆ అక్షరమే మాయమవుతుంది. ఇది మళ్లీ బాగయ్యేది కాదని డాక్టరు చెప్పేశాడట.

"ఎవురికీ చెప్పొద్దమ్మా. ఇంట్లో కూడా చెప్పలేదు నేను. తెలిసిన రోజే కేసులు ఆగిపోతాయి. కోర్టులో నిలబడి మాట్లాడేది తప్ప నాకు ఇంకేమి చేతనవుతాది చెప్పు?"

డెబ్భై ఏళ్ల మనిషి, జడ్జీల ముందు కూడా గొంతు తగ్గించని మనిషి, నన్ను బతిమాలినట్టు అడిగారు. "నా నోటి నుంచి బయటికి పోదు సార్" అన్నాను. నోట్లో నువ్వుగింజ నానదని మా వదిన నన్ను ఆడిపోసుకుంటుంది గానీ, ఈ ఒక్క గింజ మాత్రం నాలుగేళ్లు నానింది.

అలా మొదలైంది మా ఎనిమిదింటి చదువు. జూనియర్లు తొమ్మిదిన్నర దాటితేగానీ రారు. నేను కబ్బన్‌పేటలో మా ఇంటి నుంచి ఏడున్నరకే బయలుదేరి, దారిలో ఫ్లాస్కులో కాఫీ పోయించుకుని, ఎనిమిదికల్లా ఆఫీసు తాళం తీసేదాన్ని. ఆయన అప్పటికే మెట్ల మీద నిలబడి ఉండేవారు. ఆ రోజు కోర్టులో ఉన్న కేసు తీసి మొదటి పేజీ నుంచి చదివేదాన్ని. దావా, దానికి ఎదుటివాళ్ల జవాబు, సాక్ష్యాలు, పాత క్రయపత్రాలు, అన్నీ. కొన్ని ఇంగ్లీషులో, మేముండేది కన్నడ రాజధాని కాబట్టి చాలావరకు కన్నడలో. ఆయన కళ్లు మూసుకుని వినేవారు. ఒకసారి వింటే చాలు, పేజీ నంబరుతో సహా నిలిచిపోయేది.

నేను ఊరికే చదివే రకం కాదు కదా! మధ్యలో నా వ్యాఖ్యానం ఉండేది. "వీడు తమ్ముడా సార్? శని!" అనేదాన్ని.

"తీర్పు తరవాత చెబుదువు గానీ, తారీకు చదువు ముందు," అనేవారు ఆయన నవ్వుతూ.

నేను పెళ్లి చేసుకోలేదు. ఇంట్లో అన్నయ్య, వదిన, వాళ్ల పిల్లలు, టీవీ. నేను ఏదైనా చెప్పబోతే "ఆఁ, ఆఁ" అంటూ అవతలికి వెళ్లిపోతారు. అలాంటిది ఇక్కడ అంత పెద్దమనిషి నేను పలికే ఒక్కో మాటనీ చెవి పెట్టి వింటున్నాడంటే ఎలా ఉంటుంది? ఆ గంటన్నర కోసమే నేను పొద్దున లేచేదాన్ని. చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ నిజం అదే.

ఇక కోర్టులో ఆయన ఏ పేజీ ఎక్కడుందో తడుముకోకూడదు. దానికి నేనే ఒక ఉపాయం పన్నాను. మా తాతల నాటి మగ్గాలు పోయాయి గానీ, ఇంట్లో పట్టుదారం ముక్కలకి కొదవలేదు. ముఖ్యమైన పేజీల అంచుకి దారం కుట్టి ముడులు వేసేదాన్ని. దావాకి ఒక ముడి, జవాబుకి రెండు, క్రయపత్రానికి మూడు. ఆయన మాట్లాడుతూ మాట్లాడుతూనే వేలితో తడిమి ఆ పేజీ తెరిచేవారు. చూసినవాళ్లు "కాగితం వైపు చూడను కూడా చూడడు, ఏం జ్ఞాపకశక్తి!" అని ముక్కున వేలేసుకునేవారు. నేను వెనక బెంచీలో కూర్చుని నవ్వు ఆపుకునేదాన్ని.

ఇప్పుడు చెప్పండి, కాగితాలే లేకుండా పోతే ముడులు ఎక్కడ వేసేది?

వద్దనమని సార్‌తో పోరాను. ఆయన వినలేదు. "వద్దంటే, ఎందుకు వద్దంటాడు ఈ ముసలాయన అని అడుగుతారు. సుమ్నే, ఊరికే సంతకం పెట్టేస్తే ఎవురూ అడగరు," అన్నారు. సంతకం ఎక్కడ పెట్టాలో నేనే వేలు పెట్టి చూపించాను.

నేర్పించడానికి ఎలక్ట్రానిక్ సిటీ నుంచి ఒకావిడ వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయేమో, గుంటూరు వైపు మనిషి. ఆ ట్రాఫిక్‌లో రెండు గంటలు కూర్చుని వచ్చి కూడా మొహం చిట్లించలేదు. అదే నాకు మొదటి కోపం.

"మేడమ్, జస్ట్ ఇక్కడ టైప్ చేయండి. మీ కేస్‌కి రిలవెంట్ జడ్జిమెంట్స్ అన్నీ వచ్చేస్తాయి," అంది.

ఆ యంత్రం పని పట్టాలని, ఎప్పుడో నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో టైపు చేసిన ఒక బాడుగ ఇంటి కేసు సంగతి రెండు ముక్కలు కొట్టాను. నేను వేలు తీసేలోపు ఆ తీర్పు తెర మీదికి వచ్చి కూర్చుంది. నాకు ఒళ్లు మండింది. అది తప్పు చేస్తే బాగుండునని కాచుకుని కూర్చున్నాను మరి. అంతటితో ఆగిందా? జూనియర్లు ఏడాదిగా వాడుతున్న ఇంకో తీర్పు పక్కన ఎర్ర గుర్తు పెట్టి, దీన్ని పై కోర్టు ఎప్పుడో కొట్టేసింది అని చూపించింది. జూనియర్లు తేలు కుట్టిన దొంగల్లా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ ఒక్క క్షణం నాకు ఆ సాఫ్ట్‌వేర్ మీద ప్రేమ పుట్టుకొచ్చిన మాట నిజం.

అలమారాల్లో ఉన్న కట్టలన్నీ స్కాన్ చేయడానికి నెల పట్టింది. కాగితం వాసన లేని ఆఫీసు ఎలా ఉంటుందో అనుకున్నాను గానీ, బాగానే ఉంది. నా తుమ్ములు తగ్గాయి.

ఆవిడ చివరిసారి వచ్చిన రోజున, అందరూ భోజనానికి వెళ్లాక, నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మేడమ్, ఇది ఎవ్వరూ యూజ్ చేయరు గానీ మీకు చూపిస్తాను. చాలా క్యూట్‌గా ఉంటుంది," అంటూ తెర మీద కుడివైపు పై మూలలో చెవి బొమ్మ నొక్కింది. యంత్రం ఆడగొంతుతో క్రయపత్రం చదవడం మొదలుపెట్టింది. ఇంగ్లీషు చదివింది. కన్నడ చదివింది. యలహంక పక్క పల్లెల పేర్లు విరిచి విరిచి పలికింది గానీ, ఒక్క మాట వదల్లేదు. "పేజ్ నంబర్ చెప్తే అక్కడి నుంచి చదువుతుంది మేడమ్. ఇంట్లో కూర్చుని ఫోన్‌లో కూడా వినొచ్చు."

ఇది సార్ కోసమే పుట్టిందని నాకు ఆ క్షణంలోనే అర్థమైంది. ఆయన ఎవరి మీదా ఆధారపడకుండా, ఎవరినీ బతిమాలకుండా, ఇంట్లో మంచం మీద పడుకుని కూడా తన కేసు తాను వినవచ్చు. పరిగెత్తుకెళ్లి చెప్పాల్సిన మాట అది.

"చిన్నపిల్లల ఆటలాగా ఉంది. సార్‌కి ఇవన్నీ చూపించకండి, విసుక్కుంటారు," అన్నాను.

ఆవిడ "ఓకే మేడమ్" అని సంచీ సర్దుకుంది. మర్నాడు చెబుదాం అనుకున్నాను. మర్నాడు ఎనిమిదింటికి ఆయన వచ్చి, కాఫీ పట్టుకుని, కళ్లు మూసుకుని "కానీ" అన్నారు. నేను తెర చూసి చదవడం మొదలుపెట్టాను. అలా ఐదు నెలలు చెప్పలేదు.

కోర్టులో ముడుల బదులు నేనే పక్కన కూర్చునేదాన్ని. ఆయన పేజీ నంబరు అనగానే, సాఫ్ట్‌వేర్‌తో పాటు ఇచ్చిన టాబ్లెట్‌లో ఆ పేజీ తెచ్చి ఆయన ముందు పెట్టేదాన్ని. ఆయన చూసినట్టు తల వంచేవారు. "ఈ వయసులో కూడా ఎంత చక్కగా నేర్చుకున్నారు సార్!" అని ఎదుటి పక్షం లాయరు మెచ్చుకున్నాడు కూడా. అన్నీ సర్దుకున్నాయి కదా, ఇక ఆ చెవి బొమ్మతో పనేముంది అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. దొంగకి సాకులు తక్కువా?

తరవాత నాకు జ్వరం వచ్చింది. మామూలు జ్వరం కాదు, కీళ్లన్నీ పట్టేసి మంచం మీద నుంచి కాలు కిందపెట్టలేకపోయాను. మూడో రోజు ఒక జూనియర్ ఫోన్ చేశాడు. యలహంక భూమి కేసులో సార్ వాయిదా అడిగారట. ఒంట్లో బాగోలేదని చెప్పారట. జడ్జి గారు మూడు రోజులే ఇచ్చి, ఆ పైన మళ్లీ అడగవద్దన్నారట.

"సార్ పని అయిపోయిందనిపిస్తా ఉండాది మేడమ్. గౌరవంగా మానేస్తే బాగుంటాది కదా? మీరు చెప్తే వింటారు," అన్నాడు.

వాడిని నా నోటికొచ్చినట్టు తిట్టి ఫోన్ పెట్టేశాను. తిట్టాల్సింది వాడిని కాదని తెలిసే తిట్టాను. అన్ని ఏళ్లలో తన కోసమని ఒక్క వాయిదా అడగని మనిషి ఆయన. రెండు వందల పేజీల కేసు ముందు పెట్టుకుని, చదివేవాళ్లు లేక, మూసిన తలుపు వెనక ఒక్కడే కూర్చుని ఉంటారు. ఏ మాట బయటపడకూడదని నన్ను బతిమాలారో, దాన్ని నేనే బయటపెట్టేలా ఉన్నాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల!

సార్‌కి ఫోన్ చేశాను.

"ఎట్లుండావమ్మా? జ్వరం తగ్గినాదా?" అని అడిగారు ఆయన ముందు. అది ఇంకా కష్టంగా తగిలింది.

"సార్, తలుపు వేసుకోండి. ఫోను పక్కన పెట్టి టాబ్లెట్ ముందుకి తీసుకోండి. కుడిపక్క, పైన మూలలో చెవి బొమ్మ ఒకటి ఉండాది. నేరుగా చూడొద్దు, పక్కచూపుతో చూడండి."

తెర మీద వేలు తడుముతున్న చప్పుడు వినిపించింది. "చెవో చిక్కుడుకాయో తెలీలేదమ్మా," అన్నారు. తరవాత హఠాత్తుగా ఆ ఆడగొంతు దావా మొదటి పేజీ చదవడం వినిపించింది. ఒక పేజీ చదివింది. రెండో పేజీ చదివింది. ఆయన ఆపలేదు, నేను ఫోన్ పెట్టలేదు.

"ఇది ఎన్నాళ్లనుంచి ఉండాది?" అన్నారు చివరికి.

"మొదటినుంచీ ఉండాది సార్."

"నీకు తెలుసునా?"

"తెలుసు."

ఫోన్ పెట్టేశారు. నేను దిండులో మొహం దాచుకుని ఏడ్చాను. వదిన జ్వరం పెరిగిందనుకుని తడిగుడ్డ తెచ్చి నుదుటి మీద వేసింది.

ఆ కేసు ఆయన వాదించారు. రెండు గంటలు నిలబడి మాట్లాడారనీ, పేజీ నంబర్లన్నీ నోటితోనే చెప్పారనీ, అదే జూనియర్ మళ్లీ ఫోన్ చేసి చెప్పాడు. ఈసారి వాడి గొంతులో భక్తి. నాకు సంతోషంగా ఉందని చెప్పాను. సంతోషమే. కానీ ఇంక ఎనిమిదింటికి నాతో పనిలేదు అనే మాట కూడా దానితోపాటే మనసులో మెదిలింది.

జ్వరం వచ్చిన పన్నెండో రోజున ఆఫీసుకి వెళ్లాను. వెళ్లనా వద్దా అని తన్నుకులాడి, చివరికి మామూలుగానే ఎనిమిదింటికి వెళ్లాను. ఆయన మెట్ల మీద నిలబడి ఉన్నారు. ఫ్లాస్కు తేలేదు నేను, తెచ్చే మొహం లేక. లోపలికి వెళ్లి కూర్చున్నాం.

"ఎందుకు చెప్పలేదు?" అని అడిగారు. గొంతులో కోపం లేదు.

"చెప్తే మీకు నాతో ఏం పని ఉంటాది సార్?" అన్నాను. సిగ్గు విడిచి అనేశాను.

ఆయన బల్ల మీద వేళ్లు ఆడిస్తూ కూర్చున్నారు. "నువ్వొకటి దాచినావు. నేనూ ఒకటి దాచినాను. సరిపోయింది లే," అన్నారు. జేబులోంచి ఫోన్ తీసి నా ముందు పెట్టారు. "ఇందులో ఒక మెయిల్ ఉండాది. దాన్ని ఆ చదివేదాంట్లోకి వేసి ఇవ్వు. చూడకుండా వేయి."

అది అమ్మగారి పేరు మీద వచ్చిన మెయిల్. సార్ భార్య పోయి ఏడాదిన్నరయింది. పోయే ముందు వారం ఆసుపత్రి మంచం మీద నుంచి తన ఫోన్‌లో ఆయనకి పంపిన ఉత్తరం. సర్జాపుర దగ్గర ఉండే కొడుకు, తల్లి ఫోన్ చూసి, "అమ్మ ఏదో రాసినాది కదా నాయనా, చదివినావా?" అని అడిగాడట. చదివినానని చెప్పేశారట ఈయన. అలా చెప్పాక ఇంక వాడినెలా అడుగుతారు చదివిపెట్టమని?

"నన్ను అడగచ్చు కదా సార్?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఎట్ల అడిగేదమ్మా? పెండ్లాము ఆఖరికి రాసిన జాబు ఇంకొక ఆడమనిషితో చదివించుకునేదా? నీకూ సంకటమే, నాకూ సంకటమే. ఆ యంత్రానికైతే ఏమి తెలుస్తాది?"

ఏడాదిన్నర ఆయన ఆ ఉత్తరాన్ని జేబులో పెట్టుకుని తిరిగారు. అందులో ఐదు నెలలు నా వల్ల. నా గంటన్నర సుఖం కోసం. నా మీద నాకే అసహ్యం వేసింది. నాలుగేళ్లుగా ఆయనకి కళ్లుగా ఉన్నానని మురిసిపోయాను గానీ, తనకంటూ ఏకాంతంలో చదువుకునే మాట ఒకటి ఉంటుందని నాకు ఏ రోజూ తోచలేదు.

ఉత్తరాన్ని టాబ్లెట్‌లోకి ఎక్కించాను. చూడవద్దన్నా అక్షరాలు కంటబడ్డాయి. కన్నడ బడిలో చదువుకున్న మా ఇళ్ల ఆడవాళ్లందరూ రాసినట్టే, తెలుగు మాటలు, కన్నడ అక్షరాలు. యంత్రం దీన్ని కన్నడమనుకుని ఎలా చదువుతుందో ఏమో అనుకుంటూ చెవి బొమ్మ మీద ఆయన వేలు పెట్టి, బయటికి వచ్చి తలుపు వేశాను.

వరండాలో నిలబడ్డాను. వినకూడదని మెట్ల వరకూ వెళ్లాను. రెండు నిమిషాలు కూడా కాలేదు, తలుపు తెరుచుకుంది.

"లోపలికి రామ్మా," అన్నారు. ఆయన చెంపలు తడిసి ఉన్నాయి, కానీ నవ్వుతున్నారు. "నాలుగు మాటలకే ఆపేసినాను. మొదటినుంచి నువ్వు చదువు."

"వద్దు సార్. అది మీకు రాసింది."

"చదువు అంటాండాను కదా."

కూర్చున్నాను. తెర నా వైపు తిప్పుకున్నాను. అమ్మగారు ఇలా రాశారు:

"మీకు చదివేకి కాదని నాకు తెలుసు. పేపరు ఊరికే తిరగేస్తా కూర్చుంటారు. పొద్దున్నే ఆఫీసుకి పోయేది ఎందుకో కూడా నాకు తెలుసు. అక్కడ మీకు చదివి పెట్టే పిల్ల ఉండాది కదా, దీన్ని కూడా ఆమెతోనే చదివించుకోండి. ఆమె వినకూడనిది నేనేమీ రాయలేదు."

అంతవరకూ చదివి ఆగిపోయాను. ఏడాదిన్నరగా ప్రతి పొద్దునా నేను ఆయన ఎదురుగానే కూర్చుని, ఎవరివో దావాలూ ఎవరివో తగాదాలూ చదువుతూ ఉన్నాను. అక్షరాలు కనబడక కొంగుతో కళ్లు తుడుచుకున్నాను. ఆయన కళ్లు మూసుకుని, కుర్చీ ముందుకి జరుపుకున్నారు.

"ఆపొద్దమ్మా," అన్నారు. "వింటాండాను."